ఈరమ్మ మింగిన నత్త

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. మనుషుల గురించి రాయాలంటే నాకు గుండె చాలదు. అందుకే బాతుల మీద పెట్టి రాస్తాను. బాతులు వచ్చి దెబ్బలాడవు కదా!

కోతలైపోయిన పొలాల్లో మంగయ్య బాతుల్ని మేపేవాడు. పగలంతా రాలిన గింజలు, నత్తలు. పొద్దువాలితే కాలవగట్టు మీద పాతిన కర్రలకు వలకట్టిన దడి. నడిస్తే ఒకదాని వెనక ఒకటి నడవడం, ఒకటి తలూపితే అన్నీ ఊపడం బాతుల ఆచారం. నలుగురితో నారాయణా, గుంపుతో గోవిందా!

ఆ మందలో ఒక్క గిన్నెకోడి ఉండేది. ఒళ్లంతా తెల్లచుక్కలు, బోడి మెడ. పేరు చుక్కమ్మ. రాత్రి దడి కర్రమీద కూచుని, ఆకు కదిలితే చాలు, ఊరు లేచేలా అరిచేది. వెంటనే మంగయ్య కర్రతో వచ్చేవాడు. ఆ కర్ర రుచి ఎక్కువగా తెలిసింది అవతలి గట్టు నక్కకే.

‘పళ్లతో కాని పని నాలుకతో చేస్తాను’ అనుకుంది నక్క.

ఒకరోజు గవరమ్మ అనే బాతు కాలవలో ఒంటరిగా ఈదుతుంటే ఆ గట్టు నుంచే పలకరించింది.

"గవరమ్మొదినా, నీ ఓర్పుకి దణ్ణం పెట్టాలి. ఆ చుక్కమ్మ గోల పడలేకపోతున్నామని మీవాళ్లంతా అంటుంటే, నువ్వొక్కదానివే నోరు మెదపవు."

"అంతా అంటున్నారా? నాకేం ఇబ్బంది లేదే. ఆ అరుపు వింటూనే కునుకు తీస్తాను."

"ష్! ఆ మాట పైకి అన్నావంటే నిన్నూ దాని జట్టులో కలిపేస్తారు. నీ మంచికోరి చెప్పాను, తరవాత నీ ఇష్టం."

గవరమ్మ నోరు మూసుకుంది. మర్నాడు నూకాలు ఒంటరిగా దొరికితే, నక్క దానికీ అదే పాట పాడింది. ఆపైన మిగతా బాతులకీ. అన్నీ లోపల ‘నాకేం ఇబ్బంది లేదే’ అనుకున్నాయి. అన్నీ పైకి ‘నిజమే, నిజమే’ అన్నాయి.

ఇక చూడాలి! నిన్నటిదాకా చుక్కమ్మ పక్కనే మేసినవి జానెడు ఎడం జరిగాయి. ఎడం జరిగాక కారణాలు కావాలి కదా, అవీ దొరికాయి.

"చుక్కలున్న జాతే అంత. నిలకడ ఉండదు," అంది నూకాలు.

"ఈత రానిదానికి మన మధ్య ఏం పని?" అంది ఇంకొకటి.

"నిన్న నా గుడ్డు చిన్నదైంది. అది చూసిన చూపే!"

"నువ్వు మేత సరిగ్గా తినలేదు కదే?"

"తినకపోతే మాత్రం? నిప్పు లేనిదే పొగొస్తుందా?"

సాయంత్రం పంచాయితీ పెట్టారు. చుక్కమ్మని మధ్యలో నిలబెట్టారు.

"దీన్ని పంపేద్దామా?" అని అడిగి, గవరమ్మ అందరికంటే పెద్దదైన ఈరమ్మ వైపు చూసింది. అందరూ చూశారు. ఈరమ్మ మెడ పైకి లేచింది, కిందికి వంగింది, మళ్లీ లేచింది. అంతే! మంద మొత్తం తలూపేసింది.

"ఎవరికి నామీద కోపమో పేరు చెప్పండి. పోతాను," అంది చుక్కమ్మ.

"అందరికీ," అంది గవరమ్మ, నేల చూపులు చూస్తూ.

చుక్కమ్మ పోయి పొలంగట్టు మీది తుమ్మచెట్టెక్కింది.

మసక పడింది. దడిలో ఒక్క బాతుకీ కన్ను మూతపడలేదు.

"ఏమిటో, ఇంత నిశ్శబ్దంగా ఉంటే భయమేస్తోంది," అంది నూకాలు మెల్లిగా.

"నాకూనూ," అంది గవరమ్మ.

"నీకు భయమేంటొదినా? ఆ అరుపు పడదన్నది నువ్వే కదా!"

"నేనా? మీరంతా అన్నారని నక్క చెప్పింది!"

"మీరంతా అన్నారని నాకూ చెప్పింది!"

దడంతా గుసగుసలు. ఎవరినడిగినా పక్కవాళ్లని చూపిస్తారు. చివరికి అందరూ ఈరమ్మ మీద పడ్డారు. "అత్తా, ముందు తలూపింది నువ్వే!"

"నేనెప్పుడూపానే?" అంది ఈరమ్మ తెల్లబోయి. "గొంతులో నత్త అడ్డంపడితే మింగుతున్నాను. మీరంతా ఊపుతుంటే, ఓహో, ఇవాళ అందరికీ నత్తలు దొరికాయి కాబోలు అనుకున్నాను!"

నవ్వాలో ఏడవాలో తేలకముందే వల బయట రెండు కళ్లు మెరిశాయి. నక్క దూరడానికి సందు వెతుకుతోంది.

మందంతా అవతలి మూలకి ఒదిగింది. గవరమ్మకి మాత్రం భయం మీద ఒళ్లుమంట వచ్చి కూచుంది. గొంతు తియ్యగా చేసింది.

"అటు కాదు బావా, ఇటు రా. ఈ మూల వల వదులు. నక్కలన్నీ ఇటే దూరతాయని అందరూ అంటారు."

"అందరూనా?"

"అందరూనూ. నీ ఒక్కడికే తెలీదా, పాపం!"

తనొక్కటే తెలివితక్కువదనిపించుకోవడం నక్కకి నచ్చలేదు. ఎవరన్నారని అడగలేదు. తల దూర్చింది. మెడ దాకా వెళ్లింది, అక్కడ వల బిగుసుకుంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు.

"చుక్కమ్మా!" అని మందంతా ఒక్క గొంతుతో అరిచింది. "బుద్ధి తక్కువై చేశాం, తల్లీ! నీ గొంతు విప్పు!"

తుమ్మచెట్టు మీంచి లేచిన అరుపుకి మంగయ్య లాంతరుతో సహా పరిగెత్తుకొచ్చాడు. వల తెంచుకుని పారిపోయేలోపు నక్క వీపు మీద ఎన్ని పడ్డాయో దాని వీపుకే తెలుసు.

చుక్కమ్మ తిరిగొచ్చింది, కానీ వెంటనే కర్రెక్కలేదు. "ఈసారి నా గురించి ఏదైనా విన్నప్పుడు, తలూపకండి. నోరు తెరిచి నన్నడగండి," అని అందరి మొహాలూ చూశాక గానీ ఎక్కలేదు.

నీతి: ‘అందరూ అంటున్నారు’ అని ఎవరైనా చెవిలో వేస్తే, ఆ అందరిలో ఒక్కరి పేరు చెప్పమనాలి.

కథ ఇక్కడితో సరి. కానీ మా హాస్టల్లో కుముదిని అనే అమ్మాయి గురించి ‘అందరూ’ ఏదో అనుకున్నారు. పోయిన వారం ఆ పిల్ల గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఏం జరిగిందని తనని అడిగినవాళ్లు ఎవరూ లేరు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ముందేం మాట్లాడాలో తెలీదు. చేస్తాను, ఎత్తితే అప్పుడే తెలుస్తుంది.