మూడు బావులున్న అదృష్టవంతురాలు

ఒకానొక రాజ్యంలో, అయ్యలారా, అమ్మలారా, బావులకు కొదవ లేదు. దాహానికీ కొదవ లేదు. ఈ రెండూ ఒకే ఊళ్ళో ఎలా కుదిరాయంటారా, అదే కథ. ఆ నారాయణుణ్ణి తలుచుకుని చెబుతాను, వినండి.

మణిగిరిని ఏలే ధర్మసింహ భూపతి గొప్ప ధర్మాత్ముడు. ఆ మాట ఇంకొకరు అనేలోగా ఆయనే అనేవాడు. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేస్తే మూడు బావులు తవ్వించాడు. ఒకటి రాణిగారి పేర ఆడవాళ్ళకు. ఒకటి ఊరవతల, తోలుపని చేసుకునే వాడవాళ్ళకు. ఇంకొకటి సత్రం పక్కన, పేదలకు. మూడింటికీ కాపలా పెట్టాడు. మూడింటి గట్టు మీదా తన పేరు చెక్కించాడు.

ఆయన కొలువులో ఓబళయ్య అని హాస్యగాడు. రాజుగారిని నవ్వించడమే అతని ఉద్యోగం. ఒకనాడు చెప్పు తెగి, కుట్టించుకుందామని వాడకు వెళ్ళాడు. అక్కడ పోలి అనే ఆవిడ గుడిసె ముందు కూర్చుని చిల్లుపడ్డ తోలు బొక్కెనకు మాటు వేస్తోంది. మగడు నిరుడు పోయాడు. లోపల కూతురు నీలి జ్వరంతో పడి, నీళ్ళు నీళ్ళని కలవరిస్తోంది.

"పిల్ల గొంతులో కాసిని నీళ్ళు పోయరాదటమ్మా?" అన్నాడు ఓబళయ్య.

పోలి సూది ఆపలేదు. "ఏ బాయి నీళ్ళు పొయ్యమంటారు సామీ? ఆడోళ్ళ బాయికి పోతే, 'ఆడదానివే, కాదన్లా. కానీ వాడదానివి. మీకో బాయి ఉందిగా, పో' అన్నారు. మా వాడ బాయికాడికి పోతే మా పెద్దే అడ్డం నిలబడ్డాడు. 'వంతు మగోడి పేరన. మొగుడు పోయినదానికి వంతేంది? ఆడోళ్ళకి రాణెమ్మ బాయి ఉందిగా' అన్నాడు. పేదోళ్ళ బాయికి పోతినా, 'ఇది ఊళ్ళో పేదలది. అందునా మగకూలీల వరస. నీకు రెండు బావులుండగా మా మీద పడ్డావేం' అన్నారు."

"మరి పిల్లకేం పడుతున్నావు?"

"ఆ మూడు బావుల బొక్కెనలూ నా దగ్గరికే గదా మాటుకొచ్చేది. తడారకముందే పిండితే కాసిని వస్తాయి."

 ఓబళయ్య తెగిన చెప్పు సంగతి మరిచి గుడిసెలోకి తొంగి చూశాడు.

"సామీ, మీరు రాజుగారిని నవ్విస్తారంట గదా. నవ్వినప్పుడు మనిసి మెత్తబడతాడు. ఆ మెత్తన ఉన్నప్పుడే నా సంగతి చెవిన ఎయ్యండి. ఆలిస్యం చేస్తే పిల్ల దక్కదు," అంది పోలి.

మర్నాడు సభలో ఓబళయ్య రాజుగారిని కడుపుబ్బ నవ్వించి, ఆ నవ్వు చల్లారకముందే చేతులు కట్టుకుని, "మహాప్రభూ, తమ రాజ్యంలో ఒక గొంతు ఎండుతోంది," అని పోలి సంగతంతా విన్నవించాడు.

రాజుగారు వేళ్ళు మడిచారు. "ఆవిడ ఆడదా? ఆడవాళ్ళ బావి ఉంది. వాడ మనిషా? వాడ బావి ఉంది. పేదరాలా? పేదల బావి ఉంది. ఓరి పిచ్చివాడా, తక్కినవాళ్ళకు తలా ఒక్క బావి. ఆవిడకు మూడు. నా రాజ్యంలో అంత అదృష్టవంతురాలు ఇంకెవరుంది?"

సభంతా ఘొల్లుమంది. ఓబళయ్యా నవ్వాడు. కొలువు అటువంటిది.

ఆ మర్నాడు ఏకాదశి. రాజుగారు పచ్చి మంచినీళ్ళయినా ముట్టరు. ద్వాదశి ఘడియలు దాటకముందే పారణ చేసి ఉపవాసం విడవాలి, దాటితే వ్రతఫలమంతా గాలికిపోతుంది. పారణ విందుకు ఆ ఏడు వడ్డన పెద్ద ఓబళయ్యే. వడ్డన పెద్ద చూపిన బంతిలోనే ఎంతటివాడైనా కూర్చోవాలని తాతలనాటి ఆచారం. దానికి రాజు కూడా ఎదురు చెప్పడు.

ద్వాదశి పొద్దున్నే రాజుగారు మడి కట్టుకుని భోజనశాలకు వచ్చారు. మూడు బంతులు. అరిటాకుల్లో అన్నం పొగలు కక్కుతోంది. మొదటి బంతిలో సామంతులు. అందులో కూర్చోబోతే ఓబళయ్య వినయంగా అడ్డం వచ్చాడు.

"ఇది ఏలికల బంతి మహాప్రభూ. ఉపవాసం ఉన్నవారు కూర్చోరాదు. వారికి భక్తుల బంతి ఉంది."

రాజుగారు మీసం దువ్వుకుని రెండో బంతికి వెళ్ళారు.

"ఇది భక్తుల బంతి. కత్తి పట్టిన చెయ్యి ఇక్కడ విస్తట్లో పడరాదు. ఏలికలకు వేరే బంతి ఉందిగా."

మూడోది పెద్దవాళ్ళ బంతి. రాజుగారికి అరవై దాటాయి. అక్కడా ఓబళయ్యే.

"పెద్దవారే, కాదనను. కానీ తమరు ఏలికా, భక్తుడూ కూడాను. రెండు బంతులుండగా ఈ ముసలివాళ్ళ చోటెందుకు లాక్కోవడం?"

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. నువ్వు నా వాడివే కదటయ్యా," అన్నారు రాజుగారు. నాలుక పిడచకట్టుకుపోతోంది. గుళ్ళో అర్చకుడు ఘడియ దాటుతోందని గంట అందుకోబోతున్నాడు. "అన్నం వద్దు. ఇన్ని నీళ్ళు పొయ్యి. వాటితో పారణ అయిందనిపిస్తాను."

"ఏ బంతిలో పొయ్యమంటారు మహాప్రభూ?"

 రాజుగారు మూడు బంతులకేసీ చూశారు. వేళ్ళు మడవబోయి ఆగారు.

"అందరికీ ఒక్కటే బంతి. తమకు మూడు," అన్నాడు ఓబళయ్య మెల్లగా. అని, బొడ్డున దోపిన రాగిచెంబు తీసి, రాజుగారి దోసిట్లో తానే నీళ్ళు పోశాడు.

రాజుగారు తాగారు. గంట మోగింది. మూతి తుడుచుకుని, ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేలా నవ్వారు. "గెలిచావురా ఓబళయ్యా," అని కాలి గండపెండేరం తీసి ఇచ్చారు. పోలి ఏ బావిలోనైనా రోజుకో కడవ తోడుకోవచ్చని అప్పటికప్పుడు దండోరా వేయించారు.

ఓబళయ్య అన్నం ముట్టలేదు. నీళ్ళకడవ తన భుజానే పెట్టుకుని వాడకు పరుగెత్తాడు.

పోలి గడపలో కూర్చుని ఉంది. చేతిలో సూది లేదు.

"ఏ బాయివి సామీ ఈ నీళ్ళు?"

"రాణిగారి బావివమ్మా. పిల్లకు పట్టు."

"తెల్లారగట్లనే అడగటం మానేసింది," అంది పోలి. కడవ లోపలికి తీసుకుపోయి, ఆ నీళ్ళతో కూతురికి కడసారి తలారా స్నానం చేయించింది.

మర్నాడు పక్క గుడిసె ఆవిడ, ఆమే మొగుడు లేనిదే, చంకన పిల్లతో రాణిగారి బావికి వెళ్ళింది. "నువ్వు పోలివా?" అని అడిగారు కాపలావాళ్ళు. కాదంది. "దండోరా పోలికే," అన్నారు. అప్పట్నుంచి పోలి రోజూ తన ఒక్క కడవా తెచ్చి, అటువంటి ఇళ్ళన్నిటికీ దోసిలి చొప్పున పోసేది. కడవ అడుగంటేవరకూ తను తాగేది కాదు.

ఇక కోటలో ఏ చుట్టం వచ్చినా రాజుగారు, "ఓబళయ్యా, ఆ మూడు బంతుల ముచ్చట చెప్పవయ్యా," అనేవారు. ఓబళయ్య చెప్పేవాడు. "ఏ బంతిలో పొయ్యమంటారు" దగ్గరకు రాగానే రాజుగారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవారు. ఓబళయ్య ఆ ముఖంలోకే చూస్తూ నిలబడేవాడు, ఇప్పుడైనా మెత్తబడతాడేమోనని. గండపెండేరం బరువుకు కాలు లాగేది.

ఆ దామోదరుడి దయవల్ల కథ కంచికి చేరింది తల్లీ. ఆ దండోరా మాత్రం పక్క గుడిసె దాకా చేరలేదు.