మోటారు పడవకు మూడు పంకాలు

అనగనగా ఓ పేద్ద ఏరు. ఏటి నడుమ ఓ లంక. ఆ లంకకో రాజు. రాజంటే కిరీటం, మెలితిప్పిన మీసం అనుకునేరు! ఆయనో గూడబాతు. ముక్కు కింద వేలాడే సంచి తప్ప వేరే ఆడంబరమేదీ లేదు.

లంక నిండా మేకలూ, కోళ్ళూ కాపురం ఉండేవి. ఏటికి ఎదురీదే సత్తా వాటికి లేదు. ఏటా వరదొచ్చే ముందు తెడ్ల పడవలో గట్టు చేరేవి. ఆ యేడు మబ్బులు ముందే కమ్మేశాయి. తెడ్లు నమ్ముకుంటే సగం మంది దాటేలోపే లంక మునిగేలా ఉంది.

అందుకని రాజుగారు పడవ వెనక తగిలించే మోటారొకటి తెప్పించారు. దాంతోపాటు మూడు పంకాలొచ్చాయి. నీళ్ళలో గిర్రున తిరిగి పడవను తోసేది పంకాయే. ఒకదాని రెక్కలు బాగా మెలి తిరిగి ఉన్నాయి. ఇంకోదానివి మధ్యరకం. మూడోదానివి కాస్తంతే మెలి తిరిగాయి.

"పడవను ఎవరు బాగా నడిపితే వాళ్ళే మన సరంగు!" అని చాటించారు రాజుగారు.

ముగ్గురు ముందుకొచ్చారు. కోడిపుంజు డేగరాయుడు, కోతి గెంతులయ్య, నీటికుక్క బుడుంగమ్మ.

డేగరాయుడు బాగా మెలి తిరిగిన పంకా బిగించి, ఖాళీ పడవను వదిలాడు. బాణంలా పోయింది! గెంతులయ్య మధ్యరకం పంకా పెట్టి, మోటారును జానెడు పైకెత్తి బిగించాడు. "నీళ్ళలో ఎంత తక్కువ మునిగితే అంత తేలిక" అన్నాడు. అది ఇంకా జోరుగా పోయింది. బుడుంగమ్మకు మిగిలిన పంకాతో పడవ నింపాదిగా వెళ్ళి నింపాదిగా వచ్చింది.

"ఏమ్మా బుడుంగమ్మా, దారిలో కునుకు తీశావా?" అని కోళ్ళు కిసుక్కుమన్నాయి.

"ఖాళీగా ఉంటే ఇది ఇంతేనర్రా. దాచుకోడం ఎందుకు?" అంది బుడుంగమ్మ.

గెంతులయ్యే గెలిచాడని చెప్పడానికి రాజుగారు రెక్కెత్తారు. అంతలో ఓ మేక అడ్డొచ్చింది. పేరు గడ్డాల చుక్కమ్మ. పొట్ట కింద నిన్న పుట్టిన పిల్లలు రెండు వణుకుతున్నాయి.

"ఆగండి మహారాజా! ఏరు దాటాల్సింది మేమా, గాలా? ఇందాకట్నుంచీ పడవలో గాలి తప్ప ఎవరైనా ఎక్కారా?"

రాజుగారు నాలుక కరుచుకున్నారు. అప్పుడే వాన మొదలైంది. నీరు మేకల పాక దాకా వచ్చేసింది.

"ఎక్కండర్రా, ఎక్కండి!" అంటూ గెంతులయ్య తన పంకానే మళ్ళీ ఎత్తుగా బిగించాడు.

ముందుగా దిగాలని ఎక్కినవాళ్ళంతా పడవ ముక్కు మీదే గుంపు కట్టారు. ముక్కు వంగింది, వెనక లేచింది. అసలే ఎత్తుగా ఉన్న పంకా గాల్లో తిరిగి కీచుమంది. పడవ మాత్రం అంగుళం కదల్లేదు.

"పాట బాగుంది గెంతులయ్యా, ప్రయాణమెప్పుడు?" అంది చుక్కమ్మ.

"పక్కకి జరగవోయ్!" అని డేగరాయుడు తన పంకా బిగించి, మోటారును కిందికంటా దించేశాడు. మెలి ఎక్కువైన ఆ పంకా బరువు లాగలేక, మోటారు మూలిగింది. లోతుగా దిగిన మోటారు నీటిని దున్నుతూ పడవలోకే చిమ్మింది. కోడిపిల్లలు తడిసి ముద్దయ్యాయి. నాలుగు బారలు పోయేసరికి మోటారు ఆగిపోయింది. తెడ్లేసి, ఎలాగో వెనక్కి లాక్కొచ్చారు.

నీరిప్పుడు లంక ఒడ్డున నిలబడ్డ చుక్కమ్మ మోకాళ్ళ దాకా వచ్చింది. పిల్లల్ని వీపు మీదికి ఎక్కించుకుంది.

బుడుంగమ్మ మోటారును ముట్టుకోలేదు. బుడుంగుమని పడవ కిందికి మునిగింది. కింద నుంచి చూసి తేలింది.

"పంకా పైన చదును రేకు ఉంది చూశారా? అది పడవ అడుగుకు సమంగా ఉండాలి. పైకెక్కితే పంకా గాలి మింగుద్ది. దిగిపోతే నీటిని ఈడుస్తది."

రేకు సమం చేసి, తక్కువ మెలి పంకా బిగించింది. "ఇది పరిగెత్తదు గానీ, బరువును తోస్తది. అమ్మలూ, ముక్కు మీద సంత పెట్టకండి, నడిమికి రండి!"

పడవ కదిలింది. కడుపు నిండిన బాతులా, తొణకకుండా, బెణకకుండా గట్టు చేరింది. చుక్కమ్మ పిల్లలు దారిలోనే నిద్రపోయాయి. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఒక్క కోడిపిల్ల కూడా వెనక మిగల్లేదు.

ఆఖరి విడతలో లంక మీద రాజుగారొక్కరే ఉన్నారు. వచ్చి పడవ నడుమ చతికిలబడ్డారు.

"మహారాజా, తమకు రెక్కలున్నాయి కదండీ!" అంది బుడుంగమ్మ, పడవ గట్టు దగ్గరవుతుండగా.

"ఉన్నాయమ్మా. కానీ పొద్దున ఒడ్డున కూర్చుని, ఖాళీ పడవకే గెలుపు కట్టబెట్టబోయాను. ఇప్పుడు నా బరువుతో కూడా చూడు."

"చూశానండీ... కొంచెం ఎక్కువే!"

గట్టు మీద మేకలూ, కోళ్ళూ, ఆఖరికి డేగరాయుడూ, గెంతులయ్యా కూడా పడీ పడీ నవ్వారు.

కాబట్టి పిల్లలూ, ఖాళీగా ఉన్నప్పటి పరుగు చూసి మురిసిపోకూడదు. మోయాల్సిన బరువు మోసినప్పుడే అసలు పనితనం తెలుస్తుంది.