మొగ్గ తొడగని మల్లెపొద

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ భ్రమరాంబ గారికి లేదు. రెండేళ్లుగా ఆవిడ దగ్గర వైద్యం నేర్చుకుంటున్న శమంతకి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ, ఆ ఫాల్గుణమాసపు ఉదయం ఉండబట్టలేక అడిగింది.

"ఒంట్లో పేరుకున్న కొవ్వు హార్మోన్ల తీరు మార్చేసి అండం విడుదల కాకుండా చేస్తుందని చదువుకున్నాను మేడమ్. అది ఆ అత్తగారికి ఏ మాటల్లో చెప్పను?"

అత్తగారంటే వరండాలో కూర్చున్న మాణిక్యం. పెళ్లయిన పదకొండేళ్లకి ఆమె కోడలు సత్యవేణికి నెల తప్పింది. అసలే భారీ మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కడుపు పండిందన్న సంబరంలో మాణిక్యం ఆమెను మూడు నెలలు మంచం దిగనివ్వలేదు. సున్నుండలనీ, గడ్డపెరుగనీ ఇద్దరి తిండి ఒక్కదాని చేత తినిపించింది. తీరా స్కానింగు చేస్తే కడుపులో ఏమీ లేదు. బహిష్టు ఆగింది ఒంటి బరువు తెచ్చిన తేడా వల్ల. బిడ్డ లేదని శమంతే చెప్పింది. విన్న మాణిక్యం కోడలి వైపు చూడకుండా, ఇంత పెట్టినా దక్కని కడుపు మాకెందుకు, సాయంత్రం పుట్టింట్లో దిగబెట్టేస్తానంది. సత్యవేణి సున్నుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

భ్రమరాంబ గారు లేచి వరండాలోకి వెళ్లారు. మూడు తరాలుగా మల్లెతోటలు పెంచే ఇల్లు మాణిక్యానిది. ఆసుపత్రి పెరట్లో మల్లెపొద పూయడం లేదు, తెగులేమిటో చూసిపెట్టమని ఆమెను అడిగారు. పూటపూటా బియ్యం కడిగిన నీళ్లు పోసి ఆ పొదను ముద్దుగా పెంచింది శమంతే. నిలువెత్తున, నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క మొగ్గ లేదు.

మాణిక్యం పెరట్లోకి వెళ్లి కొమ్మ వంచి చూసింది.

"తెగులేం లేదండీ. మాఘంలో నీళ్లు మానేసి, ఆకు దూసి వదిలెయ్యాలి. ఇలా మేపితే ఆకే వస్తది గానీ మొగ్గెక్కడ తొడుగుద్ది? మొక్కనేం అంటాం, పెంచినోళ్లని అనాల."

అని, ఆగిపోయింది. కొమ్మ వదల్లేదు. పెరటి తలుపులోంచి వరండా కనిపిస్తోంది, అక్కడ కోడలు, ఆమె ఒళ్లో డబ్బా. మాణిక్యం చాలాసేపు అటే చూసింది. తర్వాత వెళ్లి, ఆ డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది. కోడలికి చెయ్యి అందించి, మనింటికెళ్దాం పదమ్మా అంది. అప్పుడు ఏడ్చింది సత్యవేణి.

వాళ్లిద్దరూ మెల్లగా గేటు దాటారు. సత్యవేణికిప్పుడు ముప్ఫై ఆరేళ్లు. ఇక మీదట ఏమవుతుందో ఎవరూ అనలేదు. ఈ ఏడు పొదకి పూత తప్పినట్టేనా అని శమంత అడిగితే, తప్పినట్టే అన్నారు భ్రమరాంబ గారు. ఆవిడకన్నీ తెలిసీ, ఒంటి బరువు గురించి ఆ నాలుగు ముక్కలూ మాణిక్యానికి తిన్నగా ఎందుకు చెప్పలేదో శమంతకి అంతుపట్టలేదు. అదే అడిగింది.

భ్రమరాంబ గారు పొద మొదట్లో తడిని కాలితో తాకి చూశారు.

"నేను చెప్పి ఉంటే, తప్పు మొక్కదే అనేదామె."