వంగని కర్ర

తిరుపాలు సామికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. సంసారం గురించి అడిగినవాడి చేత చింతమొద్దులు చీల్పించాడు. మోక్షం కావాలన్నవాడి చేత పడవకు తారు పూయించాడు. సోమశిల జలాశయం ఒడ్డున గాలం వేసుకుని బతికే ముసలాయన. తత్వాలు పాడతాడు గనక నలుగురూ సామీ అంటారు. ఆ నలుగురిలో పెంచలయ్య ఒకడు.

ఆ పొద్దున పెంచలయ్య పరుగులాంటి నడకతో వచ్చి అడిగాడు: "తిరిగొచ్చినవాడు మళ్ళీ పోకుండా ఎట్ట పట్టుకోవాల సామీ?"

సంగతి ఊరికంతా తెలిసిందే. పెంచలయ్య తమ్ముడు చెంగయ్య, తన పెళ్ళాం చచ్చిపోయిన దుఃఖంలో తాగుడుకు పడి, మూడేళ్ళ కిందట ఇల్లు విడిచాడు. అన్న తిరగని ఊరు లేదు, మొక్కని దేవుడు లేడు. కాళ్ళావేళ్ళా పడినా రానివాడు, నిన్న సాయంత్రం తనంతట తానే వచ్చి గడపలో నిలబడ్డాడు. ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. "అన్నా, ఇంక ఈడే ఉంటా" అన్నాడు. పెంచలయ్య వాణ్ణి కావిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు ఆగగానే భయం పట్టుకుంది. నోరు కాలినవాడు మజ్జిగైనా ఊదుకుని తాగుతాడు గదా. వాడు ఇంకోసారి పోతే ఇక దక్కడని పెంచలయ్యకు తెలుసు.

సామి విన్నాడు. చూరు కింద నుంచి రెండు గాలపు కర్రలు తీసి గోడకు ఆనించాడు. ఒక చెక్క చేపను పెంచలయ్య చేతిలో పెట్టాడు. బెత్తెడు పొడవు, మూతికి చిన్న రేకు, పొట్ట కింద ఒకటీ తోక దగ్గర ఒకటీ మూడు మొనల కొక్కేలు. దారం చుట్టుకుంటూ వస్తే ఆ రేకు వల్ల అది నీళ్ళలోకి మునిగి, ఒళ్ళు విదిలిస్తూ ఈదుతుంది. చిన్న చేపల్ని మింగి బతికే వాలుగ దాన్ని నిజం చేపనుకుని వచ్చి కరుస్తుంది. దీనికి తగిన కర్ర నువ్వే ఎంచుకో అన్నాడు సామి.

పెంచలయ్యకు గాలం కొత్త కాదు. ఎర్రలూ కప్పలూ గుచ్చి పాతికేళ్ళుగా కొర్రమీన్లు పట్టినవాడు. ఎర మింగిందని తెలియగానే ఒక్క గుంజు గుంజాలి, లేకపోతే కొక్కెం దిగదు. అతని విద్యంతా ఆ గుంజులోనే ఉంది. రెండు కర్రలూ వంచి చూశాడు. నల్లది ఇనుపచువ్వలా నిలబడింది. రెండోది పాత ఫైబర్ కర్ర. ఊపితే కొస నుంచి పిడి దాకా వంగిపోయింది, గంజికి లేని మనిషిలాగా. ఛీ, ఇదీ ఒక కర్రేనా? బుద్ధున్నవాడెవడు పట్టుకుంటాడు దాన్ని? నల్లదే తీసుకున్నాడు. ఇద్దరూ నీళ్ళ దగ్గరికి దిగారు.

ఏడో విసురుకో ఎనిమిదో విసురుకో వాలుగ తగిలింది. పెంచలయ్య పళ్ళు బిగించి గుంజాడు. నీళ్ళు ఎగజిమ్మి, తెల్లటి పొట్ట ఒక్క క్షణం కనబడింది. పది కిలోలకు తక్కువుండదు. అది తల విదిలించింది, ఇతను ఇంకా బిగబట్టాడు. ఉన్నట్టుండి దారం వదులైపోయింది. చెక్క చేప ఎగిరొచ్చి ఒడ్డున పడింది. కొక్కేనికి చేప పెదవి ముక్క నెత్తురు కారుతూ వేలాడుతోంది.

"అదే వచ్చి కరిచింది, కరిచినప్పుడే తగులుకుంది. ఇంకా ఎందుకు గుంజినావు?" అన్నాడు సామి.

"పోతుందేమోనని సామీ."

"మెత్తకర్ర అయితే అది పెనుగులాడినప్పుడల్లా వంగేది. నీ కర్ర వంగలేదు. ఏదో ఒకటి తెగాల గదా."

పెంచలయ్య ఆ ముక్క వంకే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి తనకు తెలియకుండానే మొలతాడు మీదికి పోయింది. అక్కడ తాళంచెవి ఉంది. అప్పటిదాకా దాచిన మాట అప్పుడు చెప్పాడు. తమ్ముడు నిద్రలో ఉండగానే గదికి బయట తాళం వేసి వచ్చాడు. సాయంత్రం పెద్దమనుషుల్ని పిలిచి, దీపం ఆర్పించి, ఇక తాగనని ప్రమాణం చేయించేదాకా తీయకూడదనుకున్నాడు. సామి ముఖం మాడిపోయింది. అడిగినప్పుడే నోటితో ఒక మాట చెప్పి ఉండాల్సిందని ఆ ముసలాయనకు తోచిందో ఏమో, పెంచలయ్యకన్నా ముందు తానే ఊరివైపు పరుగెత్తాడు.

వేసిన తాళం వేసినట్టే ఉంది. పెంచలయ్య భార్య రమణమ్మ తలుపు ముందు కూర్చుని ఏడుస్తోంది. చెంగయ్య లేచి తలుపు కొట్టాడట. వదినా తియ్యి అన్నాడట. తాళంచెవి తన దగ్గర లేదంటే, "అన్న నన్ను నమ్మలేదా?" అని ఒక్క మాట అడిగి ఊరుకున్నాడట. తలుపు తీస్తే కప్పులోంచి ఎండ పడుతోంది. ఆ సందులో దూరగలిగేటంత బక్కగా ఉన్నాడు మరి. తీసిన పెంకుల్ని, ఒక్కటీ పగలనీయకుండా, మంచం మీద ఒకదానిమీద ఒకటి పేర్చి పోయాడు.

పెంచలయ్య ఆ పెంకుల ముందు కూలబడి నెత్తి బాదుకున్నాడు. కాసేపటికి లేచి, బస్టాండులో చూస్తాననీ, అక్కడ లేకపోతే బ్రాందీ కొట్టు కాడ అడుగుతాననీ, కాదంటే నెల్లూరు బస్సెక్కుతాననీ గొణుక్కుంటూ చెప్పుల కోసం తడుముకున్నాడు. సామి అతని భుజం పట్టుకుని ఆపాడు.

"మూతి చీలిన చేప దూరం పోదు పెంచలయ్యా," అన్నాడు. "ముందు నీళ్ళ కాడ చూద్దాం రా."