రెండు మూరలు తగ్గిన తీగ వంతెన

అనగనగా ఒక అడవిలో గడబిడ అనే ఉడుత ఉండేదర్రా. పేరుకు తగ్గ ఉడుతే. అరికాళ్ళలో చక్రాలున్నట్టు తిరిగేది. తింటున్న కాయను సగంలో వదిలేసి ఇంకో కాయకు పరిగెత్తేది.

ఆ అడవి మధ్యలో ఒక వాగు. వాగు మీద యాభై మూరల తీగ వంతెన. ఎండాకాలం వాగు సన్నబడుతుంది. అప్పుడు తీగలో ఇరవై శాతం కోసేసి, దగ్గరగా ఉన్న బండలకు కడతారు. వానలు రాగానే ఒడ్డు నుంచి ఒడ్డుకు కొలిచి, సరిపడా అల్లి, మళ్ళీ చెట్లకు కడతారు. ఈ ఏడు ఆ పెత్తనం గడబిడకు వచ్చింది. వేసవిలో యాభైలో ఇరవై శాతం, అంటే పది మూరలు, కొరికేసింది. నలభై మిగిలింది.

ఒకరోజు గడబిడ కాయల కోసం ఇవతలి ఒడ్డుకు వచ్చింది. ఎగువన ఎక్కడో పెద్ద వాన పడింది. చూస్తుండగానే వాగు పొంగింది. బండలు మునిగి, అవతలి ముడి ఊడిపోయింది. అవతల నేరేడు చెట్టు మొదట్లోని తొర్రలో దాని పిల్లలు మూడున్నాయి. వాటికింకా చెట్టెక్కడం రాదు. నీళ్ళు తొర్ర వైపే వస్తున్నాయి.

గడబిడ కొమ్మ ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. గూళ్ళు అల్లే గిజిగాళ్ళ గుంపును కేకేసింది.

"అన్నా, ఇరవై శాతం కోశాను. ఇరవై శాతం కలిపేయండి. సరిపోతుంది" అంది.

"ఎగిరి వెళ్ళి వాగు కొలిచి రానా?" అని అడిగాడు పెద్ద గిజిగాడు.

"కొలిచే తీరికేదన్నా? ముందు అల్లు."

అల్లుతూ అల్లుతూ మళ్ళీ అడిగాడు. "ఇరవై శాతం దేంట్లో చెల్లీ? పాత తీగలోనా, ఇప్పుడున్న దాంట్లోనా?"

"ఉన్నదాన్ని చూసే అల్లన్నా. ఇరవై ఎక్కడైనా ఇరవయ్యే."

అల్లిక ముగిసేటప్పుడు మూడోసారి అడిగాడు. "పోనీ, ఈ తీగనైనా ఒకసారి కొలుద్దామా?"

"నా పిల్లలు మునిగిపోతుంటే నీకు కొలతలు కావాల్సొచ్చాయా?" అని కసిరింది గడబిడ. పాపం, గిజిగాడు చివరి ముడి వేసేశాడు.

తీగ ఒక కొసను ఇవతల మద్దిచెట్టుకు కట్టారు. రెండో కొసను పక్షులన్నీ ముక్కులతో పట్టుకుని ఎగిరాయి. తీగ బిగుసుకుంది. నేరేడు కొమ్మ ఇంకా రెండు మూరల దూరంలో ఉంది. ఎంత గుంజినా అందలేదు.

అప్పుడు మొదటిసారి గడబిడ కదలకుండా నిలబడింది.

"కోసింది యాభైలో ఇరవై శాతం, పది మూరలు. కలిపింది నలభైలో ఇరవై శాతం, ఎనిమిదే. నలభైకి పది కలపాలంటే ఇరవై ఐదు శాతం కావాలి" అని గొణుక్కుంది. "అన్నా, ఇంకో రెండు మూరలు అల్లు. తప్పు నాదే."

తీగను వెనక్కి తెచ్చి, ఆ రెండు మూరలు అల్లి, నేరేడు కొమ్మకు కట్టేసరికి నీళ్ళు తొర్రలోకి వచ్చేశాయి. గడబిడ వంతెన మీద ఉరికింది. మొదటి పిల్లను నోట కరుచుకుని పైకొమ్మ మీద పెట్టింది. రెండోదాన్నీ పెట్టింది. మూడోది నీళ్ళలో తేలుతోంది. తోక పట్టి లాగింది. చాలాసేపటికి అది దగ్గి, కళ్ళు తెరిచింది.

"ఇంతాలస్యం చేశావేమ్మా?" అని అడిగింది.

గడబిడ దాన్ని పొట్టకు హత్తుకుంది. "కొలవమంటే కొలవలేదమ్మా" అంది. పిల్ల ఒళ్ళు ఆరినా, తల్లి గుండె మాత్రం కుదుటపడలేదు.

నీతి: తగ్గించినంత శాతమే పెంచితే మొదటికి చేరం. ఎంత తొందరలో ఉన్నా, ఆ శాతం దేంట్లోదో చూసుకోవాలి.