సువార్తమ్మ పిడికెడు బియ్యం

అనగనగా గోదారి పాయ పక్కన ఒక పాలెం. అది మా పాలెమే. అందుకే కాస్త గొప్పలు పోతాను, ఓర్చుకోండి.

ఆ పాలెంలో అందరూ క్రీస్తును నమ్మినవారు. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. అది దేవుడి కుండ. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరేది, అక్కణ్నుంచి పస్తులున్న ఇళ్లకు వెళ్లేది. మందిరమంటే తాటాకు పాక. ఏటా వరదకు కొట్టుకుపోయేది.

పక్కనే ఎత్తైన దిబ్బ ఉంది. అది ఆ చుట్టుపట్ల పొలాలన్నీ ఉన్న దొరగారిది. మందిరం కోసం ఆ దిబ్బ ఇమ్మని సంఘపెద్ద జెకర్యా వెళ్లి అడిగాడు.

"తినేదాంట్లో దేవుడికి తీస్తారట కదా! రేపొచ్చి కుండలు చూస్తాను. నిజమైతే దిబ్బ మీదే" అన్నాడు దొర.

జెకర్యా పరుగున పాలేనికి తిరిగొచ్చాడు. దాచడమెందుకు, అప్పటికే చాలా ఇళ్లలో ఆ అలవాటు మాటల్లోనే మిగిలింది. "అడుగున ఊక పోసి, పైన బియ్యం పరవండి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

నాట్లకెళ్లి బతికే సువార్తమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"దేవుడి కుండలో ఊకెలా పోస్తాను పెద్దయ్యా?"

"నీ ఒక్కదాని వల్ల మందిరం పోతుందే!"

"నాకూ ఏడుపొస్తోంది. అయినా పొయ్యలేను."

మర్నాడు దొర వచ్చాడు. మొదట జెకర్యా ఇంట్లో కుండ ఎత్తి చూసి, దించాడు. నిండుగా ఉంది. తర్వాత మందిరంలో పాటలు పాడించే ఏలీయా ఇంట్లో ఎత్తి, దించాడు. అదీ నిండుగా ఉంది. మూడోది సువార్తమ్మ ఇల్లు. కుండ అడుగున నాలుగు పిడికిళ్లు.

"ఇంతేనా?"

"ఇంతేనండి. పక్కింటి పిల్లకు కాన్పయితే అప్పటికి కుండలో ఉన్నవి వండి పెట్టాను. తర్వాత మళ్లీ తీస్తూ మధ్యలో రెండు రోజులు మరిచిపోయాను. నిన్న మాత్రం మరిచిపోలేదండి. ఆకలేసి, కావాలనే తియ్యలేదు."

జెకర్యా తల పట్టుకున్నాడు. దొర మాత్రం ఆమెకు చేతులు జోడించాడు.

"నా బతుకంతా ధాన్యం మధ్యే గడిచింది. కుండెడు బియ్యం ఎంత బరువుంటుందో నాకు తెలీదా? ఆ రెండు కుండలూ ఎత్తగానే దిబ్బ ఇవ్వకూడదనుకున్నాను. ఇంత నష్టం వస్తుందని తెలిసీ నిజం చెప్పింది ఈ తల్లి. దిబ్బ ఇస్తున్నాను. పునాదిరాయి ఈమె చేతే వేయించండి."

జెకర్యా సిగ్గుతో కుమిలిపోయాడు. కుండ తెచ్చి, అందరూ చూస్తుండగా ఊకంతా నేల మీద కుమ్మరించాడు. "నన్ను క్షమించు తల్లీ" అన్నాడు.

"నేనూ నిన్న తియ్యలేదుగా పెద్దయ్యా. ఇవాళ్టి నుంచి ఇద్దరం తీద్దాం" అంది సువార్తమ్మ.

నాట్ల బురద ఆరని చేతులతోనే ఆమె పునాదిరాయి వేసింది. ఎంత వరదొచ్చినా ఆ మందిరం మెట్లు ఈనాటికీ తడవలేదు. ఎక్కడికెళ్లినా మేం సువార్తమ్మ పాలెం వాళ్లమని రొమ్ము విరుచుకుని చెప్పుకుంటాం.

పిల్లలూ, చేయని మంచిని చేసినట్టు చూపించకండి. చేయలేదని దేవుడి ముందూ మనుషుల ముందూ ఒప్పుకోవడమే నిజమైన భక్తి.