ఎండిన మోడు కింద చామంతి పిలక

“ఈసారి ఆరాధనకు చావడిలో కొందరు, పెరట్లో కొందరు అనేది ఉండదు. అందరికీ ఒకటే పంక్తి.”

మఠాధిపతి గురుపాదయ్య స్వామి ఈ మాట అన్నప్పుడు చామంతి నారు ఇంకా వేలెడు కూడా లేదు. శిష్యుడు చెన్నబసవ ఆ మాట పట్టుకుని కొండ కింద పేటలో గడపగడపకూ చెప్పి వచ్చాడు. చదువు మధ్యలో వదిలి, లోకాన్ని సరిచేయాలని మఠానికి వచ్చిన కుర్రాడు. వానాకాలమంతా చామంతి మడి తనే చూసుకున్నాడు. కొసలు తుంచితే గుబురుగా కొమ్మలు వేస్తుందని స్వామే నేర్పాడు. పుష్యమాసానికల్లా పెరడంతా పసుపు ఆరబోసినట్టయింది.

ఆరాధన రోజు దాతలు వచ్చి చావడిలో ఆకులు వేయించుకున్నారు. పేటవాళ్ల పక్కన కూర్చోమంటే వచ్చే ఏడు మఠానికి గింజ కూడా రాదన్నారు. స్వామి తల వంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. చామంతి దండలు చావడిలోకి వెళ్లాయి. ఆ దండలు కట్టిన పేట ఈరమ్మ, ఆమె వెంట వచ్చినవాళ్లు పెరట్లో కూర్చున్నారు.

వడ్డిస్తున్న చెన్నబసవను చూసి ఈరమ్మ అంది: “నీ సమానత్వం చల్లారిపోయిందిలే నాయనా. చారన్నా కాస్త వేడిది పొయ్.”

పంక్తంతా నవ్వింది. అతను గరిటె గిన్నెలో పడేసి వేడి చారుకు వెళ్లాడు.

ఆ రోజు నుంచి అతను స్వామితో ముక్తసరిగానే మాట్లాడాడు. మూటైతే కట్టి గోడకు ఆనించి పెట్టుకున్నాడు గానీ, వెళ్లడానికి కాలు సాగలేదు. ఈలోగా పూల కారు అయిపోయింది. మొక్కలు ఎండి పుల్లలయ్యాయి. మడి శుభ్రం చేయమన్నాడు స్వామి.

మొదళ్లు మట్టిలో వదిలి, పైన ఎండినంతవరకే కోయాలి. అది చెన్నబసవకు తెలియదు, అడగనూ లేదు. కసికొద్దీ ఒక్కో మోడునూ వేళ్లతో సహా లాగి పెంటకుప్ప మీద విసిరేశాడు. స్వామి వచ్చి బోసిపోయిన మడిని చూస్తుంటే, ఎక్కడో చదివిన మాట అతని నోట్లోంచి వచ్చింది.

“పాతది కూకటివేళ్లతో పోతేగాని కొత్తది రాదు స్వామీ.”

స్వామి కోప్పడలేదు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కుప్ప దగ్గర కూర్చుని, ఒక్కో మోడూ తీసి, మన్ను దులిపి చూడసాగాడు. కాసేపటికి ఒకటి చేతికి దొరికింది. నల్లగా ఎండిన కాడ అడుగున, వేరును కరుచుకుని, గోరంత పచ్చటి పిలక.

స్వామి దాన్ని చెన్నబసవ అరచేతిలో పెట్టాడు.

అతను దాన్ని భద్రంగా పక్కన పెట్టాడు. తర్వాత తనూ కుప్ప పక్కన చతికిలబడి వెతకడం మొదలుపెట్టాడు. దొరికినవన్నీ మళ్లీ మడిలో నాటడానికి తడిగుడ్డలో చుట్టి నీడన పెట్టాడు.

మొదటి పిలకను మాత్రం స్వామి మడిలో నాటలేదు. చావడి మెట్టూ పెరడూ కలిసేచోట తన చేత్తోనే గుంట తవ్వి నాటాడు. చెన్నబసవ దోసిట్లో నీళ్లు తెచ్చి పోశాడు.

“మొక్క సంగతి తెలిసింది స్వామీ,” అన్నాడు తల ఎత్తకుండా. “ఈరమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు.”

స్వామి అతని చెంపకంటిన మన్ను పైపంచె కొసతో తుడిచాడు.

“నా మాట ఎండిపోయింది. మొదలు ఇంకా ఉంది,” అన్నాడు. “ఆ మాట నిలబెట్టుకోవడానికి నువ్వే గడువు పెట్టు నాయనా.”

చెన్నబసవ మరో దోసెడు నీళ్లు పోశాడు. మన్ను వాటిని నిదానంగా పీల్చుకునేదాకా ఆగాడు.

“ఉగాది పొద్దుటికి ఈరమ్మకు జవాబు కావాలి స్వామీ.”